క్యూఎములో పీసీఐ కార్డుకి ఫర్మ్‌వేర్ పేరు: ఎట్లా పుడుతుంది, ఎట్లా చదవాలి

హన్మకొండలోనో కాజీపేటలోనో రూం తీసుకుని ఇంజినీరింగ్ చదువుతూ, పాత ల్యాప్‌టాప్ మీద వర్చువల్ మెషీన్లు నడిపేవాళ్లకి ఎప్పుడో ఒకనాడు ఈ తంటా తగులుతుంది. ఒక మెషీన్‌కి రెండు నెట్‌వర్క్ కార్డులు, రెండు డిస్కులు పెడతారు. ల్యాబ్ రికార్డు కోసం నెట్‌వర్క్ బూట్ చూపించాలి. మీరేమో మొదటి కార్డు నుంచి బూట్ అవుతుందనుకుంటారు, అదేమో రెండోదాన్ని పట్టుకుని కూర్చుంటుంది. మీ మనసులో ఉన్న "మొదటి కార్డు" ఏదో ఫర్మ్‌వేర్‌కి (మెషీన్ లేవగానే ముందుగా నడిచే బయోస్ లాంటి ప్రోగ్రాముకి) తెలియదు. దానికి తెలిసేది క్యూఎము, అంటే ఆ వర్చువల్ మెషీన్‌ని నడిపే ఎమ్యులేటర్, రాసిచ్చిన ఒక దారి పేరు మాత్రమే. ఆ పేరు ఎక్కడ పుడుతుందో పట్టుకుంటే తంటా తీరిపోతుంది. ఊహించి రాయొద్దు, లాగ్‌లో చదవండి. ఈ పని మొత్తానికీ నేను చెప్పేది అదే.

కొనాల్సింది ఏమీ లేదు. ప్రాసెసర్‌లో వర్చువలైజేషన్ ఆన్‌లో లేకున్నా నడుస్తుంది, ఎందుకంటే మనం ఫర్మ్‌వేర్ వరకే వెళ్తాం, ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించం. కాలేజీ ల్యాబ్‌లో బయోస్ పాస్‌వర్డ్ ఎవరికీ తెలియని కంప్యూటర్ అయినా పర్వాలేదు.

ఒక మాట. కమాండ్లు, పేర్లు అన్నీ ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నా. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. "0ఎక్స్" అని ఉన్నచోట సున్నా, ఎక్స్ కొట్టండి. "అడర్" అంటే అడ్రస్ అనే ఇంగ్లీషు మాటలో మొదటి నాలుగు అక్షరాలు.

పేరు ఎట్లా ఉంటుంది

ముందు ఒక నమూనా చూడండి:

/పీసీఐ@ఐ0సీఎఫ్8/ఈథర్‌నెట్@5/ఈథర్‌నెట్-ఫై@0

గీత గీతకీ మధ్య ఉన్నది ఒక మెట్టు. ప్రతి మెట్టులో "@" గుర్తుకి ముందు పేరు, తర్వాత చిరునామా. మన దగ్గర ఇంటి నంబరు వార్డు-బ్లాకు-ఇల్లు అని మూడు ముక్కలుగా ఉంటుంది కదా, దాని పక్కన "గుడి ఎదురుగా, కిరాణా దుకాణం" అని కూడా రాస్తాం. నంబరు చెప్పేది చోటు, దుకాణం మాట చెప్పేది అక్కడ ఏముందో. ఈ దారి పేరులోనూ ఆ రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఎవరు దేన్ని నమ్ముతారన్నది తర్వాత చూద్దాం, అసలు కథ అక్కడే ఉంది.

ఈ రాత పద్ధతి క్యూఎము సొంతం కాదు. సన్ కంపెనీ ఓపెన్‌బూట్ నుంచి పెరిగి, 1994లో ఐఈఈఈ 1275 ప్రమాణంగా వచ్చిన ఓపెన్ ఫర్మ్‌వేర్‌ది. మామూలు పీసీలో ఓపెన్ ఫర్మ్‌వేర్ ఉండదు. అయినా ఎమ్యులేటర్‌కీ బయోస్‌కీ మధ్య ఒక ఒప్పుకున్న భాష కావాలి కాబట్టి క్యూఎము ఆ రాతను అరువు తెచ్చుకుంది. మొదటి మెట్టులో ఉన్న "ఐ" ఇన్‌పుట్-ఔట్‌పుట్ పోర్టుకి గుర్తు. 0సీఎఫ్8 అనేది పీసీఐ (కార్డులు తగిలించే బస్సు) కాన్ఫిగరేషన్ పోర్టు నంబరు. క్యూఎము ఇచ్చే రెండు మెషీన్ రకాల్లో పాతదైన పీసీ పెట్టినా, కొత్తదైన క్యూ35 పెట్టినా ఈ మొదటి మెట్టు మారదు.

మొదటి అడుగు: సరుకు సిద్ధం

ఉబుంటు అయితే ఆప్ట్‌తో క్యూఎము-సిస్టమ్-ఎక్స్86, క్యూఎము-యుటిల్స్ అనే రెండు ప్యాకేజీలు వేసుకోండి. క్యూఎములో మామూలుగా నడిచే బయోస్ ఫర్మ్‌వేర్, సీబయోస్, వెంట వస్తుంది. తర్వాత ఒక ఖాళీ డిస్కు ఫైలు చేయండి:

క్యూఎము-ఐఎంజీ క్రియేట్ -ఎఫ్ రా డిస్క్1.ఐఎంజీ 64ఎం

అందులో ఏమీ ఉండదు, ఉండక్కర్లేదు.

రెండో అడుగు: ఫర్మ్‌వేర్ నోరు తెరిపించడం

సీబయోస్ తనకి అందిన బూట్ వరసను మొత్తం ఒక డీబగ్ పోర్టులోకి వదులుతుంది. ఆ పోర్టు నంబరు 0ఎక్స్402. మామూలుగా దాన్ని ఎవరూ వినరు. మనం దాన్ని టెర్మినల్‌కి కలుపుదాం. ఇదంతా ఒకే కమాండ్, చదవడానికి వీలుగా వరసలు విడగొట్టాను:

క్యూఎము-సిస్టమ్-ఎక్స్86_64 -నోడిఫాల్ట్స్ -డిస్‌ప్లే నన్
-చార్‌డెవ్ ఎస్‌టీడీఐఓ,ఐడీ=లాగ్
-డివైస్ ఐసా-డీబగ్‌కాన్,ఐఓబేస్=0ఎక్స్402,చార్‌డెవ్=లాగ్
-నెట్‌డెవ్ యూజర్,ఐడీ=ఎన్1
-డివైస్ వర్ట్‌ఐఓ-నెట్-పీసీఐ,నెట్‌డెవ్=ఎన్1,అడర్=0ఎక్స్5,బూట్‌ఇండెక్స్=1
-డ్రైవ్ ఇఫ్=నన్,ఫైల్=డిస్క్1.ఐఎంజీ,ఫార్మాట్=రా,ఐడీ=డీ1
-డివైస్ వర్ట్‌ఐఓ-బీఎల్‌కే-పీసీఐ,డ్రైవ్=డీ1,అడర్=0ఎక్స్7,బూట్‌ఇండెక్స్=2

"నోడిఫాల్ట్స్" మర్చిపోవద్దు. అది లేకుంటే క్యూఎము తనకు తానే ఒక వీజీఏ కార్డు తగిలించి స్లాట్ల లెక్క మారుస్తుంది. రోమ్‌ఫైలు దొరకలేదని తిట్టి ఆగిపోతే ఐపీఎక్స్ఈ-క్యూఎము అనే ప్యాకేజీ లేదన్నమాట, అదీ వేసుకోండి.

ఎంటర్ కొడితే చాలా వరసలు పరుగెత్తుతాయి. వాటిలో "బూట్ ఆర్డర్" అన్న మాట వెతకండి. దాని కింద ఇట్లా కనిపిస్తుంది:

1: /పీసీఐ@ఐ0సీఎఫ్8/ఈథర్‌నెట్@5/ఈథర్‌నెట్-ఫై@0
2: /పీసీఐ@ఐ0సీఎఫ్8/ఎస్‌సీఎస్‌ఐ@7/డిస్క్@0,0

చూసేశాక కంట్రోల్-సీ కొట్టి ఆపేయండి. బూట్ అయ్యే సరుకు లేదని అది గోల పెడుతుంది, పట్టించుకోవద్దు.

మీరు పెట్టిన డిస్కు వర్ట్‌ఐఓ, అంటే వర్చువల్ మెషీన్ల కోసమే చేసిన రకం. కానీ పేరులో వర్ట్‌ఐఓ అన్న ఊసే లేదు, "ఎస్‌సీఎస్‌ఐ" అని వేరే డిస్కు పద్ధతి పేరు ఉంది! చాలామంది ఇక్కడే తప్పు డిస్కు చూస్తున్నామనుకుని కమాండంతా తిరగరాస్తారు. తొందరపడొద్దు. అది సరైన పేరే.

మూడో అడుగు: పేరు ఎవరు పెట్టారో వెతకడం

ప్రతి పీసీఐ కార్డు కాన్ఫిగరేషన్ స్థలంలో ఒక క్లాస్ కోడ్ ఉంటుంది. నేను ఫలానా రకం అని కార్డు తన గురించి తాను చెప్పుకునే మాట అది. క్యూఎము సోర్సులో హెచ్‌డబ్ల్యూ/పీసీఐ/పీసీఐ.సీ అనే ఫైలులో క్లాస్ కోడ్‌కి పేరు జతచేసే ఒక పట్టిక ఉంది. పీసీఐ_డెవ్_ఎఫ్‌డబ్ల్యూ_నేమ్ అనే చిన్న ఫంక్షన్ ఆ పట్టికను పైనుంచి కిందికి చూస్తుంది. 0200 అయితే ఈథర్‌నెట్. 0100 అయితే ఎస్‌సీఎస్‌ఐ. 0101 ఐడీఈ, 0604 పీసీఐ-బ్రిడ్జ్, 0సీ03 యూఎస్‌బీ. డిస్‌ప్లే విషయంలో కొంచెం ఉదారంగా ఉంటుంది: 03తో మొదలైతే చాలు, వెనక రెండంకెలు చూడకుండా "డిస్‌ప్లే" అనేస్తుంది.

వర్ట్‌ఐఓ డిస్కు కార్డు తన క్లాస్‌ని 0100 అని చెప్పుకుంటుంది. అందుకే ఆ పేరు. దాని లోపల ఎస్‌సీఎస్‌ఐ కమాండ్లు నడుస్తున్నాయా లేదా అన్నది పట్టికకి అక్కర్లేదు.

దీన్ని మీ కళ్లతో చూడాలంటే పై కమాండ్‌లో వర్ట్‌ఐఓ-నెట్-పీసీఐ తీసి ఈ1000 పెట్టండి, మళ్లీ ఆర్‌టీఎల్8139 పెట్టండి. వేరే వేరే కంపెనీల చిప్పులు, వేరే డ్రైవర్లు. దారి పేరు మాత్రం అక్షరం మారదు, మూడింటికీ ఈథర్‌నెట్@5. పేరు చూసి కార్డు మోడల్ చెప్పొచ్చనే ఆశ ఉంటే ఇక్కడితో వదిలేయండి.

పట్టికలో పేరు దొరక్కపోతే? అప్పుడు తయారీదారు సంఖ్య, పరికరం సంఖ్య కలిపి ఒక పేరు అల్లుతుంది. దీనికి మంచి ఉదాహరణ క్యూ35 మెషీన్‌లో పుట్టుకతోనే ఉండే సాటా కంట్రోలర్. క్లాస్ 0106కి పట్టికలో "సాటా కంట్రోలర్" అనే వివరణ ఉంది, ఫర్మ్‌వేర్ పేరు గడి మాత్రం ఖాళీ. కమాండ్ మొదట్లో -ఎం క్యూ35 చేర్చి, వర్ట్‌ఐఓ డిస్కు వరస బదులు ఇది రాయండి:

-డివైస్ ఐడీఈ-హెచ్‌డీ,డ్రైవ్=డీ1,బస్=ఐడీఈ.0,బూట్‌ఇండెక్స్=2

ఇప్పుడు రెండో వరస ఇట్లా వస్తుంది:

/పీసీఐ@ఐ0సీఎఫ్8/పీసీఐ8086,2922@1ఎఫ్,2/డ్రైవ్@0/డిస్క్@0

8086 అంటే ఇంటెల్, 2922 అంటే ఐసీహెచ్9 సాటా చిప్పు. మొదటిసారి చూస్తే ఏదో పాడైందనిపిస్తుంది, కానీ ఆరోగ్యంగానే ఉంది. చివర్లో డ్రైవ్@0 అన్నది ఐడీఈ.0 అనే బస్సు. ఐడీఈ.2కి మారిస్తే డ్రైవ్@2 అవుతుంది.

నాలుగో అడుగు: "@" తర్వాతి అంకె

ఇక్కడ జర నిదానంగా చదవండి, ల్యాబ్‌లో పోయే టైమంతా ఇక్కడే పోతుంది.

ఒక పీసీఐ బస్సు మీద 32 స్లాట్లు, ఒక్కో స్లాట్‌లో 8 ఫంక్షన్లు. అంటే 5 బిట్లు, 3 బిట్లు కలిసి ఒక బైటు. ఫంక్షన్ సున్నా అయితే దారి పేరులో స్లాట్ ఒక్కటే రాస్తారు. సున్నా కాకపోతే కామా పెట్టి ఫంక్షన్ రాస్తారు. పైన 1ఎఫ్,2 అన్నది 1ఎఫ్ స్లాట్, 2వ ఫంక్షన్. ఒకే స్లాట్‌లో రెండు డిస్కులు పెట్టి చూడాలంటే మొదటిదానికి అడర్=0ఎక్స్7.0,మల్టీఫంక్షన్=ఆన్ అని, రెండోదానికి అడర్=0ఎక్స్7.1 అని రాయండి. ఎస్‌సీఎస్‌ఐ@7, ఎస్‌సీఎస్‌ఐ@7,1 అని రెండు వస్తాయి. మల్టీఫంక్షన్ మాట మరిచిపోతే క్యూఎము మెషీన్‌ని లేపకుండానే ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది.

అంకెలన్నీ పదహారు ఆధారంగా లెక్కపెట్టేవి. ఇప్పుడు నెట్ కార్డుకి అడర్=0ఎక్స్10 ఇచ్చి చూడండి. దారి పేరులో ఈథర్‌నెట్@10 వస్తుంది. అది పదో స్లాట్ కాదు, పదహారోది. పదో స్లాట్ కావాలంటే 0ఎక్స్ఏ ఇవ్వాలి. ఇంతవరకు బాగానే ఉంది. ఆ మెషీన్‌లో లైనక్స్ ఎక్కించి ఎల్‌ఎస్‌పీసీఐ కొడితే 00:10.0 అని చూపిస్తుంది, అదీ పదహారు లెక్కే. కానీ ఐపీ లింక్ కొడితే అదే కార్డుకి ఈఎన్‌ఎస్16 అనో ఈఎన్‌పీ0ఎస్16 అనో పేరు ఉంటుంది. సిస్టమ్‌డీ ఆ అంకెను మామూలు పది లెక్కలోకి మార్చి రాస్తుంది. ఒకే కార్డు, ఒక తెర మీద 10, ఇంకో తెర మీద 16. స్లాట్ 9 దాకా రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి రెండు మూడు కార్డులతో నేర్చుకున్నవాళ్లకి ఈ తేడా కంట పడదు. కార్డులు ఎక్కువ పెట్టిన రోజు దొరికిపోతారు.

అడర్ ఇవ్వకపోతే ఏమవుతుంది? కమాండ్‌లో వచ్చిన వరసలో, ఖాళీగా ఉన్న అన్నిటికన్నా చిన్న స్లాట్ దక్కుతుంది. పీసీ మెషీన్‌లో 0, 1 స్లాట్లు చిప్‌సెట్‌వి కాబట్టి మీ మొదటి కార్డు 2లో కూర్చుంటుంది, తర్వాతది 3లో. మధ్యలో కొత్త కార్డు వరస ఒకటి చొప్పించారో, దాని కిందివన్నీ ఒక్కో స్లాట్ జరుగుతాయి. దారి పేర్లు మారతాయి, లైనక్స్‌లో ఇంటర్‌ఫేస్ పేర్లు మారతాయి, నిన్నటిదాకా పనిచేసిన నెట్‌వర్క్ సెట్టింగు ఇవాళ పడుకుంటుంది. అందుకే ప్రతి కార్డుకీ అడర్ చేత్తో రాయండి. బద్ధకం వద్దు. ఇద్దరికి ఒకే స్లాట్ ఇస్తే, ఆ స్లాట్‌లో ఇప్పటికే ఎవరున్నారో పేరుతో సహా చెప్పి క్యూఎము ఆపేస్తుంది, ఆ విషయంలో భయం లేదు.

ఐదో అడుగు: బ్రిడ్జి వెనక కార్డు

నెట్ కార్డు వరసకి ముందు ఒక బ్రిడ్జి (ఒక పీసీఐ బస్సుకి ఇంకో బస్సుని కలిపేది) చేర్చి, కార్డుని దాని వెనక పెట్టండి. దీనికి -ఎం క్యూ35 తీసేసి మళ్లీ పీసీ మెషీన్‌కి రండి:

-డివైస్ పీసీఐ-బ్రిడ్జ్,ఐడీ=బీఆర్1,చాసిస్_ఎన్‌ఆర్=1,అడర్=0ఎక్స్8
-డివైస్ వర్ట్‌ఐఓ-నెట్-పీసీఐ,నెట్‌డెవ్=ఎన్1,బస్=బీఆర్1,అడర్=0ఎక్స్3,బూట్‌ఇండెక్స్=1

లాగ్‌లో వచ్చేది:

/పీసీఐ@ఐ0సీఎఫ్8/పీసీఐ-బ్రిడ్జ్@8/ఈథర్‌నెట్@3/ఈథర్‌నెట్-ఫై@0

ఈ పద్ధతిలో ఉన్న తెలివి ఇక్కడ తెలుస్తుంది. ఎల్‌ఎస్‌పీసీఐలో ఇదే కార్డు 01:03.0 లాగా, బస్సు నంబరుతో కనిపిస్తుంది. ఆ బస్సు నంబరు వేసేది ఎవరు? ఫర్మ్‌వేరే. మెషీన్ లేచాక బ్రిడ్జిలను ఒక్కొక్కటిగా తట్టి లెక్కపెట్టి నంబర్లు ఇస్తుంది. కానీ బూట్ వరసను ఎమ్యులేటర్ అంతకంటే ముందే రాసి పెట్టాలి, అప్పటికి ఆ నంబర్లు పుట్టనే లేదు. అందుకని బస్సు నంబరు ఊసెత్తకుండా, ఏ బ్రిడ్జి దాటి ఏ స్లాట్‌కి వెళ్లాలో దారి చెబుతుంది. ఇంకో బ్రిడ్జి వచ్చి బస్సు నంబర్లన్నీ మారిపోయినా ఈ దారి చెక్కుచెదరదు.

ఆరో అడుగు: ఎవరు దేన్ని నమ్ముతారు

ఈ వరసలన్నీ "బూట్‌ఆర్డర్" అనే చిన్న ఫైలుగా ఎఫ్‌డబ్ల్యూ_సీఎఫ్‌జీ అనే మార్గం ద్వారా ఫర్మ్‌వేర్‌కి చేరతాయి. పీసీలో అది 0ఎక్స్510, 0ఎక్స్511 పోర్టుల దగ్గర ఉంటుంది. బూట్‌ఇండెక్స్ ఉన్న పరికరాలే అందులోకి వెళ్తాయి. అది ఇవ్వని కార్డుకి వరసే ఉండదు. రెండింటికి ఒకే అంకె ఇస్తే క్యూఎము ఒప్పుకోదు. -బూట్ స్ట్రిక్ట్=ఆన్ పెడితే ఫైలు చివర "హాల్ట్" అన్న మాట చేరుతుంది, జాబితాలో లేనిదాన్ని ముట్టుకోవద్దని దానర్థం.

సీబయోస్ ఆ ఫైలు చదివి, తనకు కనిపించిన ప్రతి పరికరానికీ తానే ఒక దారి కట్టుకుని పోల్చి చూస్తుంది. అట్లా కట్టేటప్పుడు డిస్కు, నెట్ కార్డు ఉన్న పీసీఐ మెట్టులో పేరు ఉండాల్సిన చోట నక్షత్రం గుర్తు పెట్టుకుంటుంది, అంటే ఏ పేరైనా సరే. అక్కడ చూసేది "@" తర్వాతి అంకెనే. ఈథర్‌నెట్ అన్నా, పీసీఐ8086 అన్నా దానికి ఒకటే.

యూఈఎఫ్‌ఐ (బయోస్ తర్వాతి తరం ఫర్మ్‌వేర్ పద్ధతి) కోసం వాడే ఓవీఎంఎఫ్ అట్లా కాదు. ఓపెన్ ఫర్మ్‌వేర్ దారిని యూఈఎఫ్‌ఐ దారిలోకి అనువదించడానికి అది పేరునూ చూస్తుంది. ఐడీఈ అయితే ఒక తీరు, ఎస్‌సీఎస్‌ఐ వెనక డిస్కు అయితే ఇంకో తీరు, పీసీఐ8086,2922 అయితే మరొకటి. కాబట్టి సీబయోస్‌తో సజావుగా నడిచిన మెషీన్ ఓవీఎంఎఫ్‌కి మార్చగానే వరస తప్పితే, అంకెలు సరిచూశాక పేరు మీదా ఓ కన్నేయండి.

పవర్ ప్రాసెసర్ల పీసిరీస్ మెషీన్‌లో స్లాఫ్ అనే నిజమైన ఓపెన్ ఫర్మ్‌వేరే నడుస్తుంది. అక్కడ పేర్ల పట్టిక కూడా వేరు, ఎక్స్‌హెచ్‌సీఐ కంట్రోలర్‌ని యూఎస్‌బీ-ఎక్స్‌హెచ్‌సీఐ అని విడిగా పిలుస్తుంది. ఎక్స్86 మీద నేర్చుకున్న దారిని అక్కడికి మోసుకెళ్లొద్దు.

ఏడో అడుగు: నడుస్తున్న మెషీన్‌లో చూడటం

లోపల లైనక్స్ నడుస్తుంటే లాగ్ అక్కర్లేదు. కెర్నల్ 4.6 నుంచి క్యూఎము_ఎఫ్‌డబ్ల్యూ_సీఎఫ్‌జీ అనే మాడ్యూల్ ఉంది. మాడ్‌ప్రోబ్‌తో దాన్ని ఎక్కించి, రూట్‌గా ఈ ఫైలు చదవండి:

/సిస్/ఫర్మ్‌వేర్/క్యూఎము_ఎఫ్‌డబ్ల్యూ_సీఎఫ్‌జీ/బై_నేమ్/బూట్‌ఆర్డర్/రా

బయట నుంచి అయితే క్యూఎము మానిటర్‌లో ఇన్ఫో క్యూట్రీ కొట్టండి. ప్రతి కార్డు కింద దాని క్లాస్, స్లాట్, ఫంక్షన్, పీసీఐ సంఖ్యలు ఉంటాయి. దారి పేరు నేరుగా చూపదు గానీ, మూడో అడుగు అర్థమైనవాళ్లు దాన్ని చూసి పేరు చెప్పగలరు.

వర్ష్, వర్ట్-మేనేజర్ వాడేవాళ్లకి

కమాండ్ మీరు రాయకపోయినా సూత్రం అదే. ఎక్స్‌ఎంఎల్‌లో ఇంటర్‌ఫేస్ కింద, డిస్కు కింద బూట్ ఆర్డర్ గుర్తు పెట్టాలి. పైన ఓఎస్ భాగంలో బూట్ డెవ్ అని పాత పద్ధతి వరస ఉంటే తీసేయాలి, రెండూ కలిపి ఉంచితే వర్ష్, వర్ట్-మేనేజర్ల వెనక పనిచేసే లిబ్‌వర్ట్ ఒప్పుకోదు. స్లాట్ కోసం అడ్రస్ వరసలో స్లాట్, ఫంక్షన్ విలువలు చూడండి.

క్యూ35 మెషీన్ అయితే ఒకటి గమనించండి. లిబ్‌వర్ట్ ఒక్కో వర్ట్‌ఐఓ కార్డుని ఒక్కో పీసీఐ ఎక్స్‌ప్రెస్ రూట్ పోర్టు వెనక పెడుతుంది. రూట్ పోర్టు క్లాస్ కూడా 0604 కాబట్టి అదీ పీసీఐ-బ్రిడ్జ్ పేరుతోనే వస్తుంది. దాని వెనక స్లాట్ ఎప్పుడూ 0. అందువల్ల మీ కార్డులన్నీ ఈథర్‌నెట్@0, ఎస్‌సీఎస్‌ఐ@0 అని ఒకేలా కనిపిస్తాయి, తేడా అంతా వెనక మెట్టులో ఉంటుంది:

/పీసీఐ@ఐ0సీఎఫ్8/పీసీఐ-బ్రిడ్జ్@2,3/ఎస్‌సీఎస్‌ఐ@0/డిస్క్@0,0

ఇక్కడ మీరు పోల్చుకోవాల్సింది 2,3ని. అది కార్డు అడ్రస్ వరసలో దొరకదు, ఆ కార్డు కూర్చున్న పీసీఐఈ-రూట్-పోర్ట్ కంట్రోలర్ అడ్రస్‌లో దొరుకుతుంది. వర్ష్ డంప్‌ఎక్స్‌ఎంఎల్ తీసి, కార్డు బస్సు విలువ ఎంతో చూసి, అదే సంఖ్య ఇండెక్స్‌గా ఉన్న కంట్రోలర్‌ని వెతకండి. లిబ్‌వర్ట్ చివరికి క్యూఎముకి ఇచ్చిన పూర్తి కమాండ్ కావాలంటే /వార్/లాగ్/లిబ్‌వర్ట్/క్యూఎము కింద మీ మెషీన్ పేరుతో ఉన్న లాగ్ ఫైలులో ఉంటుంది. అందులో అడర్ అని వెతికితే చాలు.